ఎవరు వెనక్కి పంపారు? ఈవెంట్ లాగ్ కట్టుకుంటూ రాసుకున్న ప్రాజెక్టు డైరీ

1వ రోజు

గొడవ ఒక్క రిక్వెస్టుతో మొదలైంది. మా వర్క్‌ఫ్లో అప్లికేషన్‌లో ఒక కొనుగోలు రిక్వెస్ట్ శుక్రవారం సాయంత్రానికి రెండు ఆమోదాలూ దాటింది. సోమవారం పొద్దున చూస్తే మళ్లీ డ్రాఫ్ట్‌లో కూర్చుంది. పెట్టినావిడకి ఒళ్లు మండింది. "ఎవరు వెనక్కి పంపారో చెప్పండి" అని నేరుగా నా దగ్గరికే వచ్చారు.

టేబుల్ తెరిచాను. స్టేటస్: డ్రాఫ్ట్. చివరగా మార్చినవారు: రెండో ఆమోదం ఇచ్చిన ఆఫీసర్. చివరగా మారిన సమయం: శుక్రవారం సాయంత్రం. అంతే, ఇంకేం లేదు. ఆ ఆఫీసర్ని అడిగితే "నేను ఓకే నొక్కి ఇంటికెళ్లిపోయానండీ, మళ్లీ ముట్టుకుంటే ఒట్టు" అన్నారు. డేటాబేస్ మాత్రం ఆయన పేరే చూపిస్తోంది. నలుగురిలో ఆయన మీదే మాట పడింది.

సర్వర్ లాగ్ ఫైలు కూడా వెతికాను. అందులో "స్టేటస్ అప్‌డేట్ అయింది" అని వందల లైన్లున్నాయి. ఏ రిక్వెస్టుదో లేదు, దేన్నుంచి దేనికి మారిందో లేదు. ఆ లైను రాసింది నేనే, రెండేళ్ల కిందట. ఇప్పుడు తిట్టుకోవడానికి ఇంకెవరూ లేరు.

సాయంత్రం టీమ్ లీడ్‌తో మాట్లాడి తేల్చుకున్నాం: రిక్వెస్ట్ మీద జరిగే ప్రతి పనికీ డేటాబేస్‌లోనే ఒక ఎంట్రీ పడాలి. స్టేటస్ కాలమ్ ఇప్పుడెక్కడుందో మాత్రమే చెబుతుంది. అక్కడికి ఎలా వచ్చిందో చెప్పే టేబుల్ ఒకటి విడిగా కావాలి, అదే ఈవెంట్ లాగ్.

2వ రోజు

టేబుల్ గీసుకుంటూ కూర్చున్నాను. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. కాలమ్‌లు ముందు రాసుకోలేదు, జనం అడిగే ప్రశ్నలు రాసుకున్నాను. ఎవరు చేశారు? ఎవరి బదులు చేశారు? అప్పుడు వాళ్ల హోదా ఏంటి? ఏ స్టేటస్ నుంచి ఏ స్టేటస్‌కి? కారణం ఏం రాశారు? స్క్రీన్ నుంచా, మొబైల్ నుంచా, ఏదైనా ప్రోగ్రాం నుంచా?

హోదా దగ్గర కాసేపు ఆగాను. యూజర్ ఐడీ పెడితే చాలు, హోదా యూజర్ టేబుల్‌లో దొరుకుతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆరు నెలల తర్వాత ఆయనకి ప్రమోషన్ వస్తే, పాత ఎంట్రీ చూసేవాళ్లకి అప్పట్లోనే మేనేజర్‌గా సంతకం పెట్టినట్టు కనిపిస్తుంది. అందుకే ఆ క్షణంలో ఉన్న హోదానే ఎంట్రీలో కాపీ చేసి పెట్టుకుంటున్నాం. డేటా రెండుచోట్ల ఉండకూడదన్న పాఠం ఇక్కడ పనికిరాదు. ఇది నకలు కాదు, సాక్ష్యం.

ఈవెంట్ పేర్లన్నీ జరిగిపోయినట్టే ఉండాలని నియమం పెట్టుకున్నాం. "ఆమోదించు" అన్నది బటన్ మీద ఉండే మాట, "ఆమోదించారు" అన్నది లాగ్‌లో ఉండే మాట. చిన్న తేడాలా ఉంటుంది గానీ, పాత కోడ్‌లో ఈ రెండూ కలిసిపోయి, నొక్కినా పని జరగనివి కూడా జరిగినట్టు కనిపించేవి.

ఈవెంట్ లాగులకు ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ 2016లో ఎక్స్‌ఈఎస్ అనే ప్రమాణం ఇచ్చింది, నంబరు 1849. దాన్నంతా పాటించే ఓపిక మాకు లేదు. ఒక్క ఆలోచన మాత్రం తీసుకున్నాను: ఒక పనికి మొదలు, ముగింపు వేరువేరు ఎంట్రీలుగా ఉండొచ్చు. "పరిశీలనకు తీసుకున్నారు", "పరిశీలన ముగించారు" అని రెండు పడితే, రిక్వెస్ట్ క్యూలో ఎంతసేపు పడుందో, చేతిలో ఎంతసేపు ఉందో విడిగా తెలుస్తుంది.

ఒక పెద్ద తప్పు తృటిలో తప్పింది. పాత టేబుల్ నుంచి కాపీ చేసిన స్క్రిప్టులో రిక్వెస్ట్ ఐడీకి ఫారిన్ కీ (రిక్వెస్ట్ టేబుల్‌కి లింకు) పెట్టి, దానికి డిలీట్ కాస్కేడ్ తగిలించి ఉంది. అంటే ఎవరైనా రిక్వెస్టుని తీసేస్తే దాని చరిత్ర కూడా చెప్పాపెట్టకుండా పోతుంది. ఎవరు తీసేశారో చెప్పే ఎంట్రీతో సహా! కాస్కేడ్ తీసేసి, చరిత్ర ఉంటే డిలీటే జరగకుండా పెట్టాను.

4వ రోజు

మొదటి వెర్షన్ నడిచింది. రిక్వెస్ట్ సేవ్ అవుతుంది, ఆ తర్వాత లాగ్ ఎంట్రీ పడుతుంది. మధ్యాహ్నానికే మా టెస్టర్ విరగ్గొట్టింది. తిరస్కరణ కారణం బాక్సులో ఒక పేరా మొత్తం పేస్ట్ చేసింది. నా కారణం కాలమ్ 255 అక్షరాలకే. రిక్వెస్ట్ తిరస్కరణలోకి వెళ్లిపోయింది, లాగ్ ఇన్‌సర్ట్ ఎర్రర్ కొట్టింది. స్టేటస్ మారింది, సాక్ష్యం లేదు. మొదటి రోజు గొడవ మళ్లీ మొదటికే.

కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చడం రెండు నిమిషాల పని. అసలు జబ్బు వేరే: రెండూ రెండు ట్రాన్సాక్షన్లలో ఉన్నాయి. ట్రాన్సాక్షన్ అంటే జరిగితే అన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు అని కట్టిన మూట. ఇప్పుడు ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టాను. లాగ్ పడకపోతే స్టేటస్ కూడా మారదు. "లాగ్ కోసం అసలు పనిని ఆపేస్తామా?" అని టీమ్‌లో ఒకరు అడ్డం తిరిగారు. మామూలు డీబగ్ లాగైతే ఆపకూడదు, నిజమే. కానీ ఆమోదానికి చరిత్రే ఆధారం. ఆధారం లేని ఆమోదం కంటే ఎర్రర్ మెసేజే నయం.

5వ రోజు

నిన్నటి సంతోషం ఒక్క రోజే. అనుమతి లేనివాళ్లు ఆమోదం నొక్కడానికి ప్రయత్నిస్తే ఆ సంగతి కూడా లాగ్‌లో ఉండాలని ఆడిట్ వాళ్లు అడిగారు. న్యాయమే. కానీ అనుమతి లేకపోతే ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే చేసినదంతా రద్దవుతుంది, దాంతోపాటు ఆ ఎంట్రీ కూడా పోతుంది. జరిగిన పని ఎంట్రీ పనితోపాటే బతకాలి, పోతే పనితోపాటే పోవాలి. జరగని పని ఎంట్రీ మాత్రం రోల్‌బ్యాక్ తర్వాత కూడా మిగలాలి. రెంటినీ ఒకే గాట కట్టి తప్పు చేశాను.

ఒరాకిల్ డేటాబేస్‌లో దీనికి అటానమస్ ట్రాన్సాక్షన్ ఉంది, బయటి ట్రాన్సాక్షన్ రద్దైనా అది నిలుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటిది నేరుగా లేదు. సరే, విఫల ప్రయత్నాలకి వేరే టేబుల్, వేరే కనెక్షన్ అనుకున్నాను. అసలు ట్రాన్సాక్షన్ తెరిచి ఉండగానే పూల్ (ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల నిల్వ) నుంచి రెండో కనెక్షన్ తీసుకుని అందులో రాసేశాను. నా మెషీన్ మీద బ్రహ్మాండంగా నడిచింది.

లోడ్ టెస్ట్ పెట్టగానే అప్లికేషన్ కొయ్యబారిపోయింది. సీపీయూ ఖాళీ, డేటాబేస్ ఖాళీ, స్క్రీన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. అరగంట బుర్ర బద్దలు కొట్టుకున్నాక అర్థమైంది. పూల్‌లో కనెక్షన్లు 10. ఒకేసారి 10 మంది అనుమతి లేని బటన్ నొక్కారు. ఒక్కొక్కరి చేతిలో ఒక కనెక్షన్ ఉంది, ప్రతివాళ్లూ రెండోదాని కోసం చూస్తున్నారు. ఎవరూ వదలరు, ఎవరికీ దొరకదు. డేటాబేస్ దృష్టిలో ఇది డెడ్‌లాక్ (ఒకరి లాక్ కోసం ఒకరు ఆగి ఇరుక్కుపోవడం) కూడా కాదు. దానికి కనిపించేది పని చెప్పకుండా ట్రాన్సాక్షన్ తెరిచి కూర్చున్న 10 కనెక్షన్లే. కాబట్టి అది ఏ కనెక్షన్నీ చంపదు.

పూల్ సైజ్ 20 చేద్దామన్న సలహా వచ్చింది. అప్పుడు 20 మందికి ఆగుతుంది, అంతే తేడా. ముందు రోల్‌బ్యాక్ చేసి, మొదటి కనెక్షన్ పూల్‌కి ఇచ్చేసి, ఆ తర్వాతే విఫల ప్రయత్నం రాయడం అని మార్చాను. ఆ సందులో ప్రాసెస్ చచ్చిపోతే ఒక ఎంట్రీ పోతుంది. జరగని పని ఎంట్రీ కాబట్టి ఆ రిస్క్ తీసుకున్నాం, ఆడిట్ వాళ్లకీ చెప్పాం.

7వ రోజు

కోడ్‌లో రాస్తున్నాం, బాగానే ఉంది. కానీ సపోర్ట్ టీమ్‌లో ఎవరైనా క్వెరీ విండో తెరిచి చేత్తో అప్‌డేట్ కొడితే? కోడ్ దారి తప్పించి వచ్చిన మార్పుకి ఎంట్రీ ఉండదు. అందుకని రిక్వెస్ట్ టేబుల్ మీద ఒక ట్రిగ్గర్ (టేబుల్ మారగానే డేటాబేస్ తనంతట తానే నడిపే కోడ్) కాపలా పెట్టాను. స్టేటస్ పాత విలువ, కొత్త విలువ వేరైతే పక్కన విడిగా పెట్టిన ఒక ముడి టేబుల్‌లో ఒక వరుస (రో) వేస్తుంది.

చిక్కేంటంటే, ట్రిగ్గర్‌కి అసలు మనిషి ఎవరో తెలియదు. డేటాబేస్‌కి సంబంధించినంత వరకు లాగిన్ అయింది ఒక్కరే, అప్లికేషన్ యూజర్. కాబట్టి ట్రాన్సాక్షన్ మొదట్లో యూజర్ ఐడీని ఒక సెట్టింగ్‌లో పెట్టి, ట్రిగ్గర్‌లో దాన్ని చదివాను. నడిచింది. మర్నాటి టెస్ట్ డేటాలో టెస్టర్ ఒక వింత పట్టుకుంది: తను లాగిన్ కాని సమయంలో తన పేరు మీద రెండు మార్పులున్నాయి.

సెట్టింగ్‌ని సెషన్ స్థాయిలో, అంటే కనెక్షన్ ఉన్నంతసేపూ ఉండేలా పెట్టాను, అదీ తప్పు. ఆవిడ పని అయ్యాక కనెక్షన్ పూల్‌లోకి వెళ్లింది, ఆవిడ పేరు దానికి అంటుకునే ఉంది. తర్వాత అదే కనెక్షన్ తీసుకున్న కోడ్ దారి ఒకటి పేరు పెట్టడం మర్చిపోయింది. పాత పేరే పడింది. ఇది ప్రొడక్షన్‌లోకి వెళ్లుంటే? లాగ్ లేకపోవడం ఒక ఎత్తు, లాగ్ అబద్ధం చెప్పడం ఇంకో ఎత్తు. తల్చుకుంటేనే టెన్షన్ వచ్చింది. సెట్టింగ్‌ని ట్రాన్సాక్షన్ వరకే ఉండేలా లోకల్‌గా మార్చాను. కమిట్ (ఖాయం) అయినా, రోల్‌బ్యాక్ అయినా దానంతటదే తుడిచిపెట్టుకుపోతుంది.

పేరు ఖాళీగా ఉంటే ట్రిగ్గర్ ఆ మార్పుని ఆపేయాలా, రాసుకుని వదిలేయాలా? ఆపేయాలని నా మనసు. టీమ్ లీడ్ వద్దన్నారు: "మనకి తెలియని దారులు ఎన్నున్నాయో ముందు చూద్దాం. ఆపేస్తే రేపు ఏది పగులుతుందో తెలీదు." సరే, పేరు లేకపోతే "ఎవరో తెలియదు" అని రాసి, కనెక్షన్‌లో ఉన్న అప్లికేషన్ నేమ్ (ఏ ప్రోగ్రాం కనెక్ట్ అయిందో చెప్పే పేరు) విలువ కూడా పక్కన పెట్టేలా రాశాను. ట్రిగ్గర్ ఒక్కటీ ముందే ప్రొడక్షన్‌కి పంపేశాం.

10వ రోజు

టైమ్‌లైన్ స్క్రీన్ పూర్తయింది. చూస్తే, కొన్ని రిక్వెస్టుల్లో "పరిశీలకుడికి కేటాయించారు" పైన, "సమర్పించారు" కింద. సమర్పించకుండా ఎలా కేటాయిస్తారు? రెండింటి సమయం మైక్రోసెకండ్‌తో సహా ఒకటే.

పోస్ట్‌గ్రెస్‌లో నౌ ఫంక్షన్ ఇచ్చేది ట్రాన్సాక్షన్ మొదలైన సమయం. ఒకే ట్రాన్సాక్షన్‌లో పది ఎంట్రీలు రాసినా పదింటికీ అదే ముహూర్తం. నడుస్తున్న గడియారం కావాలంటే క్లాక్ టైమ్‌స్టాంప్ ఫంక్షన్ వాడాలి. వాడాను. అయినా వరుసకి గడియారాన్ని నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. సర్వర్ గడియారం సరిచేసినప్పుడు అది వెనక్కీ జరగొచ్చు.

అందుకే ప్రతి రిక్వెస్టు ఎంట్రీలకీ 1, 2, 3 అని సొంత వరుస సంఖ్య పెట్టాను. రిక్వెస్ట్ టేబుల్‌లో ఆ రిక్వెస్ట్ వరుస (రో)లోనే ఒక లెక్క ఉంటుంది. స్టేటస్ మార్చే అప్‌డేటే దాన్ని ఒకటి పెంచి, పెరిగిన విలువని తిరిగిస్తుంది, అదే ఎంట్రీకి నంబరు. ఆ వరుస మీద లాక్ ఉంటుంది కాబట్టి ఇద్దరికి ఒకే నంబరు రాదు. రిక్వెస్ట్ ఐడీ, వరుస సంఖ్య కలిపి యూనిక్‌గా (అదే జంట రెండోసారి పడకుండా) కూడా పెట్టేశాను.

దీంతో అడగని వరం ఒకటి దొరికింది. అప్‌డేట్‌లో "స్టేటస్ ఇంకా పరిశీలనలోనే ఉంటే" అన్న షరతు ఉంది. ఇద్దరు ఆఫీసర్లు ఒకేసారి ఆమోదం నొక్కితే, రెండోవారి అప్‌డేట్ లాక్ కోసం ఆగుతుంది, మొదటిది కమిట్ అయ్యాక షరతుని మళ్లీ చూసుకుంటుంది, సున్నా వరుసలు మారాయని చెబుతుంది. వాళ్లకి "ఇది ఇప్పటికే తేలిపోయింది" అని చూపిస్తే సరి. డబుల్ ఆమోదాల పాత బగ్ దానంతటదే చచ్చింది.

13వ రోజు

ఇవాళ్టిది నాకు బాగా నచ్చిన బగ్. నచ్చిందని ఇప్పుడంటున్నాను, పొద్దున మాత్రం జుట్టు పీక్కున్నాను.

ఈవెంట్ టేబుల్ చదివి మెయిళ్లు పంపే వర్కర్ ప్రోగ్రాం ఒకటుంది. అది చివరగా చదివిన ఐడీని గుర్తు పెట్టుకుని, దానికంటే పెద్దవాటిని తెస్తుంది. వేలల్లో ఒకటీ అరా మెయిల్ వెళ్లడం లేదు. ఎంట్రీ టేబుల్‌లో ఉంది, ఎర్రర్ ఎక్కడా లేదు.

రెండు క్వెరీ విండోలు పక్కపక్కన తెరిచాను. ఎడమ విండోలో బిగిన్ కొట్టి (ట్రాన్సాక్షన్ తెరిచి) ఒక ఎంట్రీ వేశాను, ఐడీ 501 వచ్చింది. కమిట్ చేయలేదు. కుడి విండోలో ఇంకో ఎంట్రీ, ఐడీ 502, వెంటనే కమిట్. ఇప్పుడు వర్కర్ చదివింది. దానికి కనిపించింది 502 ఒక్కటే. మెయిల్ పంపి, గుర్తుని 502కి జరిపింది. అప్పుడు ఎడమ విండోలో కమిట్ కొట్టాను. 501 టేబుల్‌లోకి వచ్చింది. వర్కర్ మళ్లీ అడిగింది: 502 కంటే పెద్దవి ఏమైనా ఉన్నాయా? లేవు. 501 వంక ఇక జన్మలో చూడదు.

ఐడీలు పంచే డేటాబేస్ సీక్వెన్స్ ఇచ్చే నంబరు టోకెన్ లాంటిది. క్యూలో అడిగిన వరుసలో ఇస్తుంది, పని ముగిసిన వరుసలో కాదు. టోకెన్ తీసుకున్నవాళ్లు పని మానేసి వెళ్లిపోతే, అంటే రోల్‌బ్యాక్ అయితే, ఆ టోకెన్ తిరిగి రాదు. కాబట్టి మధ్యలో ఖాళీ కనిపిస్తే అది ఇంకా రాబోయేదో, ఎప్పటికీ రానిదో నంబరు చూసి చెప్పలేం.

"ఐదు సెకన్లు పాతబడినవే చదువుదాం" అనేది మొదటి ఆలోచన. ఏదో ఒక రోజు ఒక ట్రాన్సాక్షన్ ఆరు సెకన్లు పడుతుంది. వద్దనుకున్నాను. చివరికి అవుట్‌బాక్స్ టేబుల్ దారి పట్టాం. ఈవెంట్ రాసే ట్రాన్సాక్షన్‌లోనే "పంపాల్సినవి" టేబుల్‌లో ఒక వరుస వేస్తాం. వర్కర్ నంబర్లు చూడదు, మిగిలున్న వరుసలు తీసుకుని, పంపి, చెరిపేస్తుంది. తీసుకునేటప్పుడు లాక్ పెట్టి, వేరేవాళ్లు పట్టుకున్నవి దాటేసే స్కిప్ లాక్డ్ వాడాం. పోస్ట్‌గ్రెస్‌లో ఇది 9.5 నుంచీ ఉంది. దాంతో వర్కర్లు రెండు పెట్టినా కొట్టుకోవు.

మెయిల్ పంపాక, వరుస చెరిపేలోపు వర్కర్ పడిపోతే అదే మెయిల్ రెండోసారి వెళుతుంది. ఆ సందు పూర్తిగా మూయలేం. అవతల మా పేమెంట్ సర్వీస్ లాంటివి ఉన్నచోట ఈవెంట్ ఐడీని కూడా పంపి, అదే ఐడీ మళ్లీ వస్తే పట్టించుకోవద్దని చెప్పాం. మెయిలైతే రెండుసార్లు వెళ్లినా కొంపలేం మునగవు.

16వ రోజు

ఇవాళ చిల్లర పనులు.

అప్లికేషన్ రోల్‌కి (అది వాడే డేటాబేస్ యూజర్‌కి) ఈవెంట్ టేబుల్ మీద అప్‌డేట్, డిలీట్ హక్కులు తీసేశాను. అయినా డిలీట్ నడిచింది! మైగ్రేషన్లు (టేబుళ్ల రూపం మార్చే స్క్రిప్టులు) కూడా అదే యూజర్‌తో నడుపుతున్నాం, కాబట్టి టేబుల్ యజమాని వాడే. హక్కు తీసేసినా యజమాని మళ్లీ తనకి తాను ఇచ్చుకోగలడు. మాకైతే ఒక పాత మైగ్రేషన్ అన్ని టేబుళ్ల మీదా హక్కులన్నీ మళ్లీ పంచిపెడుతోంది. మైగ్రేషన్లకి వేరే రోల్ పెట్టి యాజమాన్యం దానికి మార్చాను. తప్పు ఎంట్రీ పడితే దిద్దడం ఉండదు, "సవరించారు" అని కొత్త ఎంట్రీ వేయడమే.

మార్పుకి ముందు, తర్వాత మొత్తం వరుసని జేసన్‌బీ కాలమ్‌లో (ఏ ఆకారం డేటానైనా పట్టే కాలమ్) కుక్కుతున్నాను. అందులో బ్యాంక్ అకౌంట్ నంబరు కూడా వెళుతోందని టెస్టర్ చూపించింది. చెరపలేని టేబుల్‌లో అలాంటివి పడితే ఇక అంతే సంగతులు. మారిన ఫీల్డులు మాత్రమే, అదీ అనుమతించిన జాబితాలో ఉన్నవే వెళ్లేలా చేశాను.

టేబుల్‌ని నెలవారీ పార్టిషన్లుగా (ముక్కలుగా) పెడదామా అన్న చర్చ వచ్చింది. పార్టిషన్ చేసిన టేబుల్‌లో యూనిక్ నియమంలో పార్టిషన్ కాలమ్ తప్పనిసరిగా ఉండాలి. అంటే రిక్వెస్ట్ ఐడీ, వరుస సంఖ్య అన్న నా యూనిక్‌లోకి సమయం కూడా దూరుతుంది, దాని బలం పోతుంది. మా సైజుకి ఇప్పుడు అవసరం లేదు. సమయం మీద ఒక బ్రిన్ ఇండెక్స్ (వరుసల గుంపుకి ఒక సారాంశం మాత్రమే పెట్టుకునే ఇండెక్స్) వేసి వదిలేశాను. వరుసలు సమయం ప్రకారమే పడతాయి కాబట్టి చాలా చిన్న ఇండెక్స్‌తో పని గడుస్తుంది.

పాత రిక్వెస్టులకి చరిత్ర కల్పించలేదు. ఒక్కోదానికి "పాత డేటా నుంచి తెచ్చినది, అప్పటి స్టేటస్ ఇది" అని ఒక్క ఎంట్రీ. చేసినవారి పేరు ఖాళీ.

21వ రోజు

సోమవారం. వారానికోసారి ముడి టేబుల్‌లో "ఎవరో తెలియదు" ఎంట్రీలు చూడటం అలవాటు చేసుకున్నాను. రెండు మూడు ఉంటాయనుకుంటే 11 ఉన్నాయి. పది సపోర్ట్ వాళ్ల చేతి అప్‌డేట్లు, టికెట్లతో సరిపోయాయి. పదకొండోది ఇలా ఉంది: పాత స్టేటస్ "చెల్లింపుకు సిద్ధం", కొత్త స్టేటస్ "డ్రాఫ్ట్", సమయం ఆదివారం తెల్లవారుజామున 2 గంటల 7 సెకన్లు, అప్లికేషన్ నేమ్ చోట మా పాత రాత్రి జాబ్ పేరు.

ఆ జాబ్ ఉందని టీమ్‌లో సగం మందికి తెలియదు, నాకూ గుర్తు లేదు. కోడ్ తీసి చదివాను. ప్రతి ఆదివారం తెల్లవారుజామున నడుస్తుంది. సమర్పించి 30 రోజులు దాటినా స్టేటస్ "ఆమోదం" కానివాటిని డ్రాఫ్ట్‌కి తిప్పుతుంది. రాసిన రోజుల్లో ఆమోదం ఒక్క మెట్టే, కాబట్టి సరిపోయింది. తర్వాత రెండో మెట్టు వచ్చింది, దాంతోపాటు "చెల్లింపుకు సిద్ధం" అన్న కొత్త స్టేటస్ వచ్చింది. జాబ్‌కి ఎవరూ చెప్పలేదు. పైగా అది స్టేటస్ కాలమ్ ఒక్కటే మారుస్తుంది, చివరగా మార్చినవారి పేరునీ సమయాన్నీ ముట్టుకోదు. రెండో ఆమోదం ఇచ్చినవారి పేరు అలాగే ఉండిపోతుంది.

మొదటి రోజు రిక్వెస్ట్ కూడా 30 రోజులు దాటిందే, అదీ శుక్రవారం సాయంత్రానికీ సోమవారం పొద్దునకీ మధ్య, అంటే ఆదివారం మీదుగానే మారింది. దానికి లాగ్ లేదు కాబట్టి కచ్చితంగా నిరూపించలేను. అయినా ఆఫీసర్ దగ్గరికి వెళ్లి, ఈ కొత్త ఎంట్రీ చూపించి, జాబ్ కోడ్ చూపించి, "మీది కూడా ఇదే అయ్యుంటుందండీ" అన్నాను. ఆయన ఆ రెండు గంటల ఏడు సెకన్లని రెండుసార్లు చదివి, "దీన్ని ప్రింట్ తీసి ఆవిడకి కూడా చూపించండి" అన్నారు.

చూపించాను. షరతు సరిచేశాను. జాబ్ ఇప్పుడు మామూలు కోడ్ దారిలోంచే వెళుతుంది, చేసినవారి దగ్గర "సిస్టమ్" అని, పక్కన జాబ్ పేరు పడుతుంది. సపోర్ట్ వాళ్ల చేతి అప్‌డేట్లకి ఒక చిన్న స్క్రీన్ ఇవ్వాలి, అది అయ్యాక ట్రిగ్గర్‌ని, పేరు లేని మార్పుల్ని ఆపేసే మోడ్‌లోకి మార్చాలి.